చెర్రీ బీరుకు పదకొండు జాగ్రత్తలు

జాగ్రత్తమ్మ తలలో ఘోరం జరగని రోజంటూ లేదు. బయట ఏమీ జరగదు, అది వేరే సంగతి. పాలతను అయిదు నిమిషాలు ఆలస్యమైతే లారీ కింద పడ్డాడనుకుంటుంది. అయిదు నిమిషాలు ముందే వస్తే పాలల్లో ఏదో కలిపి పారిపోతున్నాడనుకుంటుంది. సరిగ్గా వేళకు వచ్చిన రోజున గుండె మరీ దడదడలాడుతుంది. భయపడటానికి కారణం దొరక్కపోవడాన్ని మించిన భయం ఆవిడకు ఇంకొకటి లేదు.

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. ఇరవై రెండేళ్ళు ఒక మందుల షాపులో కౌంటరు వెనక నిలబడి, మాత్రలు కాగితం కవర్లలో పోసి, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో కవరు మీద రాసి, చేతికిస్తూ "జాగ్రత్తమ్మా", "జాగ్రత్త బాబూ" అనేది. చివరికి అదే పేరైపోయింది. చదివింది ఏడో తరగతే అయినా అక్షరం ముత్యం. డాక్టర్లు గీసిన కోడిగీతలు ఆవిడ గుండ్రని అక్షరాల్లోకి మారితే తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

షాపులో చేరిన కొత్తల్లో ఒక కవరు మీద "రోజుకు మూడు" అని రాసిచ్చింది. ఆ పెద్దమనిషి పొద్దున్నే మూడూ ఒకేసారి మింగి, ఒకటిన్నర రోజు ఒళ్ళెరగకుండా నిద్రపోయి లేచి, ఇంత హాయిగా పడుకుని ఎన్నేళ్ళయిందో అని షాపుకొచ్చి దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. ఆయన నిద్రపోయాడు గానీ, ఆ దెబ్బతో జాగ్రత్తమ్మకు నిద్ర పోయింది. అప్పటి నుంచీ కవరు మీద "పొద్దున ఒకటి. ఒక్కటే. మరిచిపోతే మధ్యాహ్నం రెండు వేసుకోవద్దు" అని రాసేది. ముక్కూమొహం తెలియనివాళ్ళకు రెండు లైన్లు. తెలిసినవాళ్ళకు నాలుగు. సొంత కూతురికి జ్వరమొస్తే కవరు ముందువైపు చాలక, వెనక్కి తిప్పి కూడా రాసేది.

అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్ల ఏం పని చెయ్యాలి? మెత్తటి కుర్చీలో కూర్చుని, వేడిదీ పదునైనదీ జారేదీ ఏదీ లేని చోట చెయ్యాలి. ఈ పిల్ల బీరు కాస్తుంది.

కాలేజీలో కెమిస్ట్రీ చదివింది కదా, ఏ మందుల కంపెనీలోనో చేరుతుందని తల్లి ఆశపడింది. "చేరిందిగా, మందు కంపెనీలో" అంటాడు తండ్రి. తాళాలు బాగుచేసే పని ఆయనది. ఈ జోకు మూడేళ్ళుగా వేస్తున్నాడు. మొదటి రోజు వేసినప్పుడే అది పాతదిగా ఉంది.

పిల్ల పనిచేసేది ఒకప్పుడు లాండ్రీ నడిచిన షెడ్డులో. వెనకవైపు నాలుగు స్టీలు ట్యాంకులు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, పాములా చుట్టలు చుట్టుకుని పడివుండే రబ్బరు పైపులు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ బస్తాలు. లోపలికి అడుగు పెడితే తడిసిన రొట్టె వాసన ముక్కుకు తగులుతుంది. ముందువైపు పొడవాటి చెక్క కౌంటరు, దాని మీద నాలుగు కుళాయిలు, ఎదురుగా బెంచీలు. వేడినీళ్ళలో బార్లీని తనకంటే ఎత్తున్న తెడ్డుతో కలుపుతుంది కాబట్టి అక్కడందరూ పిల్లను తెడ్డు అనే పిలుస్తారు. జాగ్రత్తమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకెళ్ళి, అందిస్తూ కూతురి వేళ్ళు లెక్కపెట్టుకుని వస్తుంది. ఇంతవరకు పదీ ఉన్నాయి. రేపటి సంగతి ఎవరు చెప్పగలరు?

ఆకులు రాలే కాలం మొదలయ్యేసరికి ఆ షెడ్డులో ఏటా కొత్త బీర్లు విడుదల చేస్తారు. ఒక శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగు పీపాలకూ ఒకేసారి కుళాయిలు బిగిస్తారు. జనం వచ్చి రుచి చూస్తారు. ఈసారి దానికి ఒక పందెం తోడైంది. చలికాలానికి కొత్త ట్యాంకు ఒకటి వస్తోంది. నాలుగు బీర్లలో రెండు యజమాని పెద్దాయన తన ముచ్చట కోసం కాచుకున్నవి, వాటికి పందెంతో పని లేదు. మూడోది పదిహేనేళ్ళుగా అక్కడే బీరు కాస్తున్న గడ్డం మామ నల్ల బీరు. నాలుగోది తెడ్డు కాచిన చెర్రీ బీరు. మూడేళ్ళు పీపాలు కడిగాక పిల్లకు తన సొంత వంటకం బయటపెట్టే అవకాశం రావడం ఇదే మొదటిసారి.

"ఈ రెండింటిలో ఏ పీపా ముందు ఖాళీ అయితే వాళ్ళదే కొత్త ట్యాంకు. రెండోవాళ్ళు ఎప్పటిలాగే పని చూసుకోవాలి" అన్నాడు పెద్దాయన. అంటే తెడ్డు మళ్ళీ పీపాలు కడగాలి.

ఆ చెర్రీ బీరు కోసం పిల్ల వేసవంతా ఇంట్లో గిన్నెలో కాచి చూసింది. ఎనిమిదిసార్లు. రెండోసారి పొంగి వంటింటి గోడ మీద ఎర్రటి మరక పడింది. అది చూసి జాగ్రత్తమ్మ ఇంట్లో హత్య జరిగిందనుకుని వీధి గుమ్మం దాకా పరుగెత్తింది. తొమ్మిదోసారి ఇంట్లో కాయలేదు. "కుదిరిందమ్మా" అంటూ షెడ్డుకు వెళ్ళిపోయింది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూసి జాగ్రత్తమ్మకు కొత్త భయం పట్టుకుంది. ఇంత ఆశ పెట్టుకుంటే, అది పోతే, పిల్ల ఏమైపోతుంది?

శుక్రవారం మధ్యాహ్నం డబ్బాతో వెళ్ళేసరికి షెడ్డులో అందరూ తలలు పట్టుకుని ఉన్నారు. ఏటా కుళాయిలకు తగిలించే అట్టముక్కలు రాసేది పెద్దాయన భార్య. ఆవిడ బాత్రూములో జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది.

"చూశారా!" అంది జాగ్రత్తమ్మ, పాపం అనాల్సిన చోట. ఇన్నేళ్ళుగా తాను భయపడుతున్న బాత్రూము చివరికి ఎవరినో ఒకరిని పట్టుకున్నందుకు ఆవిడకు ఒక్క క్షణం, చెప్పుకోకూడదు గానీ, తృప్తిగా అనిపించింది.

"మా అమ్మ చేత రాయిద్దాం. అక్షరం చూస్తే అచ్చేసినట్టుంటుంది" అంది తెడ్డు.

"నేనా? బీర్ల గురించా? కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"పెద్ద పనేం కాదక్కా. ఏ బీరు ఏ రుచో, ఎందుకు తాగి చూడాలో, రెండు ముక్కలు రాస్తే చాలు" అన్నాడు గడ్డం మామ.

"నేను ఎప్పుడూ తాగలేదు తమ్ముడూ."

"అయితే ఇప్పుడు తాగుదువుగాని. కొంపేం మునిగిపోదు."

కొంపలు ఎన్ని రకాలుగా మునుగుతాయో గడ్డం మామకేం తెలుసు? కానీ కూతురు అలా చూస్తుంటే కాదనలేకపోయింది. నాలుగు చిన్న సీసాల్లో నాలుగు బీర్లు, నాలుగు అట్టముక్కలు తీసుకుని ఇంటికి వచ్చింది.

సాయంత్రం వంటింటి బల్ల మీద అన్నీ వరసగా పెట్టుకుంది. గ్లాసులో పోసుకుంటే లెక్క తెలియదని, దగ్గుమందు సీసాకు వచ్చే కొలత మూత కడిగి తెచ్చుకుంది. భర్తను ఎదురుగా కూర్చోబెట్టి ఆయన చేతిలో ఫోను పెట్టింది.

"ఎందుకే ఇది?"

"నేను పడిపోతే అంబులెన్సుకు చెయ్యండి."

"అయిదు మిల్లీలీటర్లకా? దానికి దోమ కూడా పడిపోదు."

"దోమకు పిల్లలు లేరు. మీరు ఫోను పట్టుకోండి."

ఒక మూత తాగడం, పావుగంట ఆగి నాడి చూసుకోవడం, ఏమీ కాలేదని తేలాక రాయడం. అలా మొదటి మూడూ బాగానే సాగాయి.

"నారింజ తొక్క వేసిన గోధుమ బీరు. మబ్బుమబ్బుగా ఉంటుంది, పాడవలేదు. ఎండలో నడిచి వచ్చాక మొహం కడుక్కున్నట్టుంటుంది. ఒక గ్లాసు, తిన్న తర్వాత."

"పొగబెట్టిన బార్లీ బీరు. వాసన చూసి కంగారు పడొద్దు, ఎక్కడా ఏమీ అంటుకోలేదు. ఒక గ్లాసు."

"నల్ల బీరు. చేదు కాఫీలా, రొట్టె అడుగున మాడిన పెచ్చులా ఉంటుంది. చూడటానికే భయం. ఒక గ్లాసు. రెండోది అడిగే ముందు ఒకసారి లేచి నిలబడి చూసుకోండి."

ఇక నాలుగోది మిగిలింది. మూత నిండా ఎర్రగా, నురుగుతో. తన పిల్ల చేత్తో చేసింది. దాన్ని నోట్లో పోసుకుంది గానీ రుచి నాలుకకు తగలనే లేదు, ఆలోచనలు ముందు తగిలాయి. రేపు ఇది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తాగుతారు. ఎవరికైనా ఏదైనా అయితే? నారింజ బీరు తాగి పడిపోతే పెద్దాయనను అంటారు. నల్ల బీరు తాగి పడిపోతే గడ్డం మామను అంటారు, ఆయనకు ఆ గడ్డమే అడ్డం. మరి ఇది తాగి పడిపోతే? ఆవిడ చెయ్యి కలం పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు కలాన్ని పట్టుకుంది.

రాసీ రాసీ వెనక్కి తిప్పింది. పూర్తయ్యాక నాలుగూ షాపులో కవర్లు అంటించినట్టు ఒక పెద్ద కవరులో పెట్టి, జిగురుతో అంటించి, మర్నాడు పొద్దున్నే గడ్డం మామ చేతికిచ్చింది. ఆయన పన్నెండింటికి రెండు నిమిషాల ముందు కవరు చింపి, చదివే తీరిక లేక, బట్టల క్లిప్పులతో నాలుగింటినీ కుళాయిలకు తగిలించాడు.

శనివారం మధ్యాహ్నానికి షెడ్డు కిటకిటలాడింది. జాగ్రత్తమ్మ ఒక మూల పీపా మూత మీద కూర్చుని, ఒడిలో అన్నం డబ్బా పెట్టుకుని చూస్తోంది. కౌంటరు వెనక గోడకు ఉన్న నల్లబల్ల మీద పెద్దాయన ఒక్కో గ్లాసుకు ఒక్కో సుద్దగీత గీస్తున్నాడు. పీపాకు నూట ఇరవై గ్లాసులు.

మొదట వచ్చినవాళ్ళు అట్టముక్కలు చదివి పగలబడి నవ్వారు. "పాడవలేదట! ఒరేయ్, ఇది చూడు. లేచి నిలబడి చూసుకోవాలట!" ఒక లావుపాటి మనిషి నల్ల బీరు గ్లాసు ఖాళీ చేసి, నిజంగానే లేచి, రెండు చేతులూ చాపి ఒంటికాలి మీద నిలబడి, "నిలబడ్డానండీ, ఇంకోటి పొయ్యండి" అన్నాడు. ఆయన వెనక నలుగురు అదే చేశారు. కాసేపటికి నల్ల బీరు కుళాయి ముందు కొంగల గుంపు తయారైంది.

జాగ్రత్తమ్మకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఎంత బుద్ధిగా చెప్పిన మాట వింటున్నారు!

నాలుగో కుళాయి ముందు మాత్రం ఎవరూ నవ్వడం లేదు. వచ్చినవాళ్ళు చదవడం మొదలుపెట్టేవాళ్ళు. చదువుతూ ఉండేవాళ్ళు. అట్ట వెనక్కి తిప్పేవాళ్ళు. తర్వాత మెల్లగా పక్క కుళాయి వైపు జరిగేవాళ్ళు.

రెండు గంటలకు నల్లబల్ల మీద నల్ల బీరుకు డెబ్భై గీతలు. చెర్రీ బీరుకు పదకొండు.

తెడ్డు పన్నెండింటి నుంచి గ్లాసులు కడుగుతూ, పోస్తూ, తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తి నల్లబల్ల చూసింది. తర్వాత ఇటువైపు వచ్చి అట్టముక్క చదివింది.

"చెర్రీ బీరు. ఖాళీ కడుపుతో వద్దు. ఒక్కటే గ్లాసు. కూర్చునే తాగాలి. చెర్రీ గింజలు అన్నీ తీశారు, అయినా ఒకటి మిగిలి ఉండొచ్చు, పళ్ళు జాగ్రత్త. తెల్లబట్టల మీద పడితే మరక పోదు. గుక్కకూ గుక్కకూ మధ్య ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. పులుపు పడనివాళ్ళు దూరంగా ఉండాలి. వెనక చూడండి."

వెనక చూసింది.

"పిల్లలు పండ్లరసం అనుకుంటారు, అందనివ్వొద్దు. తాగి బండి నడపొద్దు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాలి. ఏమాత్రం తేడాగా అనిపించినా వెంటనే ఆపెయ్యాలి."

తెడ్డు తల్లి దగ్గరికి వచ్చింది. అరిస్తే బాగుండునని జాగ్రత్తమ్మకు అనిపించింది. అరవలేదు.

"అమ్మా, ఈ షెడ్డుకు మెట్లే లేవు."

"ఇంటికి వెళ్ళాక ఉండొచ్చు కదే, ఎవరింటికైనా."

"గడ్డం మామ బీరుకు ఒక్క జాగ్రత్త చెప్పావు. నాదానికి పదకొండు. రుచి గురించి ఒక్క ముక్క లేదు. నేను చేసిందంటే నీకు అంత నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదే..."

ఎందుకు పదకొండు రాసిందో ఆవిడకు ఇప్పుడే తెలిసింది. జ్వరమొచ్చిన రోజుల్లో కవరు వెనకవైపు దాకా రాసింది ఈ పిల్లకే. ముద్దు వచ్చినా, భయం వచ్చినా, ఆవిడకు తెలిసిన రాత అదొక్కటే. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ కాకి తన పిల్లను ముద్దు చేయబోయి లోకానికంతా "దగ్గరికి రాకండి, పొడుస్తుంది" అని చాటింపు వేసింది.

లేచి గబగబా కౌంటరు దగ్గరికి వెళ్ళి అట్టముక్క పీకబోయింది. పెద్దాయన సుద్దముక్క అడ్డం పెట్టాడు.

"ఆగండమ్మా. పందెం మధ్యలో చీటీ మారిస్తే గడ్డానికి అన్యాయం అవుతుంది. తియ్యొద్దు, కొట్టెయ్యొద్దు, కలపొద్దు. రాసింది రాసిందే."

"నాకేం అభ్యంతరం లేదు, మార్చుకోనివ్వండి" అన్నాడు గడ్డం మామ, నల్ల బీరు పోస్తూనే.

"నీకు లేకపోతే నాకుంది. మాటంటే మాటే" అన్నాడు పెద్దాయన.

అంతలో కౌంటరు మీద మోచేతులు ఆన్చుకుని నిలబడిన ఒక కళ్ళజోడు ఆవిడ, అట్టముక్కను వేలితో తడుతూ అడిగింది, "ఇంతకీ ఇది రాసినవాళ్ళు ఇది తాగారా అండీ?"

అందరూ జాగ్రత్తమ్మ వైపు చూశారు. ఆవిడ అబద్ధం ఆడటానికి నోరు తెరిచింది. అబద్ధం ఆడితే జరిగే ఘోరాలు ముప్ఫై దాకా కళ్ళ ముందు తిరిగి, మూసింది.

"ఒక మూత తాగానండి. దగ్గుమందు మూత."

షెడ్డంతా గొల్లుమంది. తెడ్డు మాత్రం నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ పక్కకు తిరిగింది. ఆ భుజాలు చూసేసరికి జాగ్రత్తమ్మకు, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ముందు జరగబోయేది ఏదీ గుర్తుకు రాలేదు.

"నాకొక గ్లాసు పొయ్యవే" అంది.

"అమ్మా, వద్దు. బలవంతంగా తాగాల్సిన పని లేదు."

"పొయ్యమన్నానా!"

పిల్ల పోసింది. ఎర్రటి గ్లాసు, పైన గులాబీ రంగు నురుగు. జాగ్రత్తమ్మ చెయ్యి చాపబోయి, అట్టముక్క వైపు చూసి, ఆగింది. రాసింది రాసిందే అన్నారుగా. ఖాళీ కడుపుతో వద్దు. చేతిలోని డబ్బా తెరిచి, కూతురి కోసం తెచ్చిన ఉడకబెట్టిన గుడ్డు, రొట్టె ముక్క నిలబడే తినేసింది. తర్వాత బెంచీ మీద కూర్చుంది. తెల్లబట్టలు కాకపోయినా ఎందుకైనా మంచిదని గోడకున్న రబ్బరు ఏప్రను తీసి గడ్డం దాకా కట్టుకుంది. చెంచాతో గ్లాసు అడుగు దాకా కెలికి, "గింజ లేదు" అని ప్రకటించింది.

ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని, "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

రెండో గుక్కకు కళ్ళజోడు ఆవిడ కూడా ఆమెతో కలిసి లెక్కపెట్టింది. మూడో గుక్కకు షెడ్డంతా లెక్కపెట్టింది. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు కూడా కాళ్ళు దించి మరీ వచ్చి చుట్టూ మూగాయి. "పద్ధెనిమిది, పంతొమ్మిది, ఇరవై!" అన్న కేకకు వీధిలో పోయేవాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు. జాగ్రత్తమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆవిడ నాలుక మీద ఏదో జరుగుతోంది, దాన్ని గమనిస్తోంది.

గ్లాసు ఖాళీ అయ్యాక బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఎలా ఉందండీ?" అంది కళ్ళజోడు ఆవిడ.

"మా పిల్ల చిన్నప్పుడు అలిగేది. మూతి ముడుచుకుని, ఎవరు పిలిచినా పలకకుండా, మూల కూర్చునేది. బతిమాలితే ఇంకా బిగుసుకునేది. మనం మన పని చేసుకుంటూ ఊరుకుంటే, కాసేపటికి అదే మెల్లగా వచ్చి ఒళ్ళో కూర్చునేది. అలా ఉందమ్మా. ముందు అంతా పులుపే. ఇరవై దాకా లెక్కపెట్టాక దానంతటదే తియ్యగా వస్తుంది. నేను ఇరవై అంకెలు ఊరికే రాశాను గానీ, ఈ బీరుకు నిజంగానే ఇరవై అంకెలు కావాలి."

ఎవరూ నవ్వలేదు. "నాకొకటి" అంది కళ్ళజోడు ఆవిడ. "నాకూ" అన్నాడు ఒంటికాలి పెద్దమనిషి. పెద్దాయన సుద్దముక్క అందుకున్నాడు.

"మీకు ఇంకోటి పొయ్యనా అమ్మా?" అని అడిగారెవరో.

"ఒక్కటే అని రాశాను కదండీ" అంది జాగ్రత్తమ్మ.

అక్కడి నుంచి చెర్రీ బీరు కుళాయి ఆగలేదు. బెంచీలన్నిటి మీదా అంకెలు వినిపించాయి. అట్టముక్క చదివినవాళ్ళు ఇప్పుడు భయపడటం లేదు, బుద్ధిగా పాటిస్తున్నారు. జాగ్రత్తమ్మ నల్లబల్ల ఎదురుగా నిలబడి, పెదవులు కదుపుతూ గీతలు చూస్తోంది. నలభై. అరవై అయిదు. తొంభై. నల్ల బీరు నూట పది దగ్గర నత్తనడక పట్టింది. తండ్రి కూడా దుకాణం మూసుకుని వచ్చి, ఒక గ్లాసు తాగి, రెండోది అడగబోయి భార్య చూపు చూసి మానుకున్నాడు.

నాలుగున్నరకు నల్ల బీరు కుళాయి ఖాళీగా బుసకొట్టింది. పీపా అయిపోయింది. చెర్రీ బీరుకు అప్పటికి నూట పదకొండు గీతలున్నాయి.

తొమ్మిది గ్లాసులు తక్కువ.

పెద్దాయన మాట మీద నిలబడే మనిషి. "కొత్త ట్యాంకు గడ్డానిది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, తెడ్డుతో సహా. ఆ చప్పట్లలో కూతురి చేతులే ఎక్కువ గట్టిగా వినిపించాయి జాగ్రత్తమ్మకు. రాసింది పదకొండు జాగ్రత్తలు. అందులో ఒక రెండు మానేసి ఉంటే ఆ తొమ్మిది గ్లాసులూ ఖర్చయ్యేవి కాదూ? మెట్ల సంగతి ఒకటి మానేసినా నాలుగు గ్లాసులన్నా కలిసొచ్చేవి. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాకుండా చూసిన చెయ్యి, సొంత పిల్లకే చేసింది.

"ఏడవకే, నా వల్లే పోయింది" అంది, తానే ఏడుస్తూ.

"నేనెక్కడ ఏడుస్తున్నానమ్మా? నీ ముక్కు తుడుచుకో ముందు."

గడ్డం మామ గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. "పెద్దాయనా, ఒక్క మాట. కొత్త ట్యాంకు నాదే, బాగానే ఉంది. మరి ఇన్నాళ్ళూ నేను కాస్తున్న పాత ట్యాంకు సంగతేంటి?"

పెద్దాయన వెనక్కి తిరిగి ట్యాంకుల వైపు చూశాడు. నెల రోజులుగా అందరూ కొత్త ట్యాంకు గురించే కొట్టుకున్నారు. కొత్తది వస్తే పాతది ఖాళీ అవుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"నాకు రెండే చేతులు. రెండు ట్యాంకులు కాయలేను. తెడ్డు చేతికిచ్చెయ్యండి. పైన సొట్ట ఉంది, మూత పిడి వదులైంది, నాలాగే ముసలిది. బీరు మాత్రం బాగా వస్తుంది" అన్నాడు గడ్డం మామ.

"పీపాలు ఎవరు కడుగుతారు?" అన్నాడు పెద్దాయన.

"తలా కొన్ని కడుగుదాం. మీకేం, చేతులు లేవా?"

పెద్దాయన నల్లబల్ల వైపు, నూట పదకొండు గీతల వైపు చూశాడు. "సరే. చలికాలానికి ఏం కాస్తావు తెడ్డూ?"

పిల్ల నోరు తెరిచే లోపు జాగ్రత్తమ్మ ఆ పాత ట్యాంకు దగ్గరికి వెళ్ళిపోయింది. సొట్టను వేలితో నొక్కి చూసింది. మూత పిడి కదిపి చూసింది. అది టకటకలాడింది. దాంతో పాటే ఆవిడ గుండె కూడా. "ఏమండీ! ఇటు రండి. ఈ పిడి చూడండి. మరిగేటప్పుడు ఊడి పిల్ల చేతి మీద పడితే?"

"రెండు మరలు బిగిస్తే సరిపోతుందే. రేపు వస్తాను" అన్నాడు తాళాలాయన.

"రేపా! రేపటిదాకా?"

"ఇప్పుడు అందులో బీరు లేదు, నీళ్ళు లేవు, పొయ్యి కూడా లేదు."

జాగ్రత్తమ్మ సంచిలోంచి కలం తీసింది. మిగిలిన అట్టముక్క ఒకటి కౌంటరు మీద కనిపిస్తే తెచ్చుకుంది. కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఏం రాస్తున్నావు?"

"ట్యాంకుకు ఒక చీటీ. అందరికీ తెలియాలి కదా."

"రాయి. ఒక్క లైను. ఒక్కటే." తెడ్డు వేలెత్తి చూపింది, అచ్చం తల్లి మాత్రల కవరు ఇచ్చేటప్పుడు చూపించినట్టే.

జాగ్రత్తమ్మ అట్టముక్కను పీపా మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక్క లైను. ఇరవై రెండేళ్ళలో సొంతవాళ్ళకు ఒక్క లైనుతో ఆవిడ ఎప్పుడూ సరిపెట్టలేదు. పిడి గురించి రాయాలా? తడి నేల గురించా? ఆవిరి గురించా? కలం మూడుసార్లు వంగి, మూడుసార్లు లేచింది. చివరికి గుండ్రటి అక్షరాలతో రాసింది.

"ఈ ట్యాంకును మా అమ్మాయి చూసుకుంటుంది."

పిల్ల అది చదివి, తల్లి భుజం మీద గడ్డం ఆనించి ఒక్క క్షణం నిలబడి, గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల అటు తిరగ్గానే జాగ్రత్తమ్మ నాలుగు వైపులా చూసి, అట్టముక్కను వెనక్కి తిప్పింది. వెనకవైపు గురించి ఎవరూ ఏమీ అనలేదు.